మూడో ఛాంబరు పచ్చగానే ఉంది

2023 మార్చి. మిరప సీజను మంచి ఊపులో ఉన్న రోజులు. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే రోడ్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ. దాని గేటు ముందు టిక్కీల లోడుతో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. లోపలికి అడుగు పెడితే చాలు, ముక్కులో, కళ్ళలో, గొంతులో కాయ ఘాటు. అక్కడ దగ్గని మనిషంటూ ఉండడు. వాచ్‌మన్ దగ్గుతూనే గేటు తీస్తాడు, గుమస్తా దగ్గుతూనే రసీదు రాస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళు వరసగా తుమ్మి సిగ్గుపడతారు, నాలుగు రోజులు పోయాక వాళ్ళూ మాలో కలిసిపోతారు. ఈ దగ్గు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

నా పేరు పద్మజ. మాది పొన్నూరు, ఉండేది గుంటూరులో. నా పని ఏమిటో చెబితే మా చుట్టాలకే అర్థం కాదు. కంప్యూటర్ పని అనగానే ప్రింటర్ బాగుచేయమని పిలుస్తారు, ఒళ్ళు మండుతుంది. మా ప్రాంతంలో జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, కాటాలు అన్నిట్లోనూ కంప్యూటర్లు ఉన్నాయి. కాటా కంప్యూటర్‌లో ఒక డేటాబేస్, స్టాకు కంప్యూటర్‌లో ఇంకొకటి. డేటాబేస్ అంటే సమాచారాన్ని పట్టికలుగా దాచిపెట్టే ఫైలు. ఇంటర్నెట్‌లో కాదు, ఆ మిషన్లోనే ఉంటుంది. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు, ఒకే ఇంట్లో మాటలు లేని తోడికోడళ్ళలాగా. వాటి మధ్య మాటలు కలపడమే నా పని.

అందుకు ఓడీబీసీ అని ఒక ఏర్పాటు ఉంది. అది ఇద్దరి మధ్య దుబాసీ లాంటిది. ఎక్సెల్‌కి అవతలి డేటాబేస్ భాష రాకపోయినా, దీని ద్వారా అందులో ఉన్నది చదువుకోగలదు. ఒక్కసారి దారి చూపించి లింకు కడితే, తర్వాత దానంతటదే కొత్త సమాచారం తెచ్చి తెర మీద పెడుతుంది. ఎవరూ కూర్చుని మళ్ళీ టైపు కొట్టనక్కర్లేదు. వినడానికి ఎంతో సుఖంగా ఉంటుంది కదా? నాకూ అలాగే అనిపించేది.

ఆ కోల్డ్ స్టోరేజీలో అలాంటి లింకు ఒకటి నేనే కట్టాను. అక్కడ చల్లదనం అమ్మోనియా గ్యాసు వల్ల వస్తుంది. ఇంజన్ రూము నుంచి గొట్టాల్లో వచ్చి, ఛాంబర్ల పైకప్పు కింద చుట్టలు చుట్టుకుని తిరిగి వెళుతుంది. గొట్టంలో ఉన్నంతసేపూ దానంత మంచిది లేదు. బయటికొచ్చిందంటే కళ్ళు, ఊపిరితిత్తులు కాల్చేస్తుంది. అందుకని ప్రతి ఛాంబర్లో ఎంత చల్లదనం ఉందో, గాలిలో గ్యాసు ఎంత ఉందో కొలిచే పరికరాలు పెట్టారు. ఇంజన్ రూములోని కంప్యూటర్ ఆ అంకెల్ని నిమిషం నిమిషం తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. నేను ఆఫీసులోని ఎక్సెల్‌ని దానికి లింకు చేసి, గోడమీద పెద్ద టీవీలో కనబడేలా పెట్టాను. ఛాంబరు బాగుంటే పచ్చ, తేడా వస్తే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. ఏ అంకె ఏ సమయంలో కొలిచిందో చెప్పే గడి కూడా పక్కనే పెట్టాను.

మేనేజరు సుబ్బారావు గారు ఆ టీవీ చూసి పొంగిపోయారు. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవారు. "మా మూడో ఛాంబరులో ఇప్పుడెంత చల్లగా ఉందో ఈ కుర్చీలోంచి లేవకుండా చెబుతానండీ" అనేవారు. పాపం, మంచి మనిషే. కుర్చీలోంచి లేవడం మాత్రం ఆయనకి మొదటినుంచీ ఇష్టం లేదు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి, సువార్తమ్మ. టిక్కీలు పేర్చేటప్పుడు చిల్లులు పడి రాలిన కాయని ఊడ్చి ఎత్తే పని ఆమెది. పక్క ఊరి చర్చిలో పాటలకి ముందుండే గొంతు. ఛాంబరంటే ఒక గది కాదు, చెక్క పలకలతో నాలుగు అంతస్తులు. అన్నిటికన్నా పై అంతస్తులో ఆమె ఊడుస్తూ పాడితే కింద తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకి వినబడేది. నేనెప్పుడు వెళ్ళినా, "పద్మమ్మా, ఆ టీవీలో నా పాట కూడా వచ్చేటట్టు చెయ్యకూడదూ?" అని ఎగతాళి చేసేది. "నీ పాటకి టీవీ ఎందుకు, రోడ్డు మీదికే వినబడుతోంది" అనేదాన్ని.

ఆ రోజు నేను వెళ్ళింది వేరే పని మీద. ఇన్సూరెన్సు వాళ్ళకి స్టాకు వివరాలు కావాలన్నారు. స్టాకు డేటాబేస్‌లోంచి తీసి వాళ్ళు అడిగిన పద్ధతిలో పెట్టి ఇవ్వాలి. సీజను మొదలయ్యాక నేను అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. భోజనాలైన వేళ. ప్రింటు వస్తోంటే ఊరికే గోడమీది టీవీ వైపు చూశాను. ఎనిమిది ఛాంబర్లూ పచ్చగా ఉన్నాయి. మూడో ఛాంబరు ఆరు డిగ్రీలు, గ్యాసు సున్నా.

"మూడో ఛాంబరు తలుపు వేసేశారాండీ?" అని అడిగాను.

"ఎక్కడండీ, పొద్దున్నుంచీ బార్లా తీసే ఉంది. ముఠా కూలీలు పై అంతస్తు నింపుతున్నారు" అన్నారు సుబ్బారావు గారు, గ్లాసులో మజ్జిగ తాగుతూ.

నేను మామూలుగానే పిరికిదాన్ని. ఇంట్లో గ్యాస్ స్టవ్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. ఆ మాట వినగానే మళ్ళీ టీవీ వైపు చూశాను. బయట మార్చి ఎండ. పొద్దున్నుంచీ తలుపు తీసి ఉంది. మనుషులు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఇంకా ఆరు డిగ్రీలు ఎలా ఉంటుంది? పదో పన్నెండో ఉండాలి. నేను చూస్తున్నంతసేపూ ఒక్క అంకె కూడా అటూ ఇటూ కదల్లేదు. ప్రాణమున్న కొలత ఏదీ అంత బుద్ధిగా కూర్చోదు.

ఆయన కుర్చీ పక్కకి జరిపించి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రిఫ్రెష్ నొక్కాను, అంటే డేటాబేస్‌ని మళ్ళీ చదవమని అడగడం. తెర ఒక్కసారి మెరిసి మళ్ళీ అవే అంకెలు చూపించింది. తప్పు జరిగిందని ఒక్క ముక్క రాలేదు. నేను పెట్టిన సమయం గడి కనబడలేదు.

"ఇక్కడ టైము ఉండాలి కదండీ, ఏమైంది?"

"అది టీవీలో పట్టక పేజీ పక్కకి పోతోందండీ, అందుకని దాచేశాను. పైన ఈ రోజు తేదీ, టైము పెట్టుకున్నాగా" అన్నారు.

నిజమే, పైన పెద్ద అక్షరాల్లో గడియారం నడుస్తోంది. అది కంప్యూటర్ గడియారం. దానికీ కింద అంకెలకీ ఏ సంబంధమూ లేదు. దాచిన గడి బయటికి లాగాను. ఆ అంకెలు కొలిచింది ఫిబ్రవరిలో.

"సుబ్బారావు గారూ, ఫిబ్రవరిలో ఇంజన్ రూము కంప్యూటర్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదండీ" అని ఒక్క క్షణం ఆగి, "ముహూర్తం రోజున కొత్త ఫైలు పెట్టాను, అంతే" అన్నారు.

మా వైపు కొత్త సీజన్లో మొదటి టిక్కీ దించడానికి ముహూర్తం చూస్తారు. టిక్కీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి లోపలికి పంపుతారు. పాత సీజను పుస్తకం పక్కన పెట్టి, కొత్త పుస్తకానికి శ్రీకారం చుట్టి అందులోనే మొదటి లెక్క రాస్తారు. పుస్తకాలు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. సుబ్బారావు గారు ఆఫీసులో అన్ని కంప్యూటర్లకీ బొట్టు పెట్టి, ఇంజన్ రూముకి కూడా వెళ్ళి, అక్కడి సాఫ్ట్‌వేర్‌లో 'కొత్త డేటాబేస్' అన్నది నొక్కి, దానికి ముందు శ్రీ చేర్చి పేరు పెట్టి వచ్చారు. పాత ఫైలుని తీసేయడం అశుభమని అక్కడే ఉంచారు.

తీసేసి ఉంటే బాగుండేది. ఫైలు లేకపోతే లింకు తెగి, తెరమీద ఏదో ఒక గోల చేసేది. అది ఉన్నచోటే ఉంది కాబట్టి నా ఎక్సెల్ ప్రతిసారీ బుద్ధిగా వెళ్ళి, అందులో ఆఖరి వరస చదువుకుని వచ్చి చూపిస్తోంది. తలుపులన్నీ మూసి, లోపల ఒక్క మనిషి లేనప్పటి అంకెలు. పరికరాలేమో కొత్త ఫైల్లో రాసుకుంటున్నాయి, దాన్ని చదివే నాథుడు లేడు. అందరూ రంగే చూశారు, అంకె ఎవరూ చూడలేదు.

లింకు దారి మార్చి కొత్త ఫైలుకి చూపించాను. తెర మెరిసింది. ఏడు ఛాంబర్లు పచ్చగా వచ్చాయి. మూడోది ఎర్రగా వచ్చింది.

"అయ్యో, మీరేదో నొక్కినట్టున్నారు మేడమ్. ఎర్రగా అయిపోయింది. మళ్ళీ మామూలుగా పెట్టేయండి" అన్నారు సుబ్బారావు గారు.

ఆ మాట నేను ఈ జన్మలో మర్చిపోను. "మామూలుగా పెట్టడమేమిటండీ, మీ మొహం! పై అంతస్తులో గ్యాసు కారుతోంది! మనుషులున్నారు అక్కడ!" అని అరిచాను. వయసులో నాకు తండ్రంతటి మనిషి. ఆ వరసలు గుర్తుకొచ్చే స్థితిలో నేను లేను. కొత్త ఫైల్లో వరసలు వెనక్కి జరిపి చూశాను. పొద్దున ఏదో కొంచెం, తర్వాత ఇంకొంచెం, భోజనాల వేళ నుంచి గబగబా ఎక్కుతోంది. నేను చూస్తుండగానే కొత్త వరస చేరింది, దానికన్నా పెద్ద అంకెతో.

"హూటర్ మోగలేదే?" అన్నారాయన.

గ్యాసు కారితే కూసే ఆ సైరన్ ఎలా మోగుతుంది? దుమ్ముకి ఊరికే మోగి ప్రాణం తీస్తోందని ముందటి ఏడే దాని వైరు పీకేశారు. టీవీ ఉందిగా అన్నారు. ఆ టీవీ నేను పెట్టిందే.

పరిగెత్తాను. నా ఒంటికి పరుగు అలవాటు లేదు, చెప్పు ఒకటి దారిలో ఊడిపోయింది. ఇంజన్ రూము ముందు ఆపరేటర్ ఖాసిం గారు పంపు విప్పుకుని కూర్చున్నారు. "మూడోదానిలో లీకు!" అనగానే పంపు వదిలేసి లేచారు. "ప్రెషర్ తగ్గుతోందని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నా" అంటూ వాల్వు కట్టేయడానికి లోపలికి దూకారు. ఆయన పనిమంతుడు కాబట్టి సరిపోయింది. కానీ గొట్టంలో అప్పటికే ఉన్నది బయటికి రావలసిందే కదా.

ఛాంబరు తలుపు దగ్గర ముఠా మేస్త్రీ ఏడుకొండలు నిలబడి ఉన్నాడు. కూలీల జట్టుకి పెద్ద అతను. నేను చెప్పింది సగం విన్నాడో లేదో, లోపలికి తిరిగి కేక పెట్టాడు.

"ఒరేయ్, దిగండ్రా! టిక్కీలు అక్కడే పారేసి దిగండి! తువ్వాళ్ళు మూతికి కట్టుకోండ్రా!"

ఫాన్ల హోరులో ఎవరికి వినబడిందో ఎవరికి వినబడలేదో. ఒక్కొక్కరే మెట్ల దారిలో కిందికి వస్తున్నారు, కళ్ళ నీళ్ళు కారుతూ, ఊపిరాడక వంగిపోయి. ఆ ఘాటు అప్పుడు నాకూ తగిలింది. కాయ ఘాటు వేరు, ఇది వేరు. ముక్కులో సూదులు దింపినట్టు ఉంది. కాయ ఘాటుకి అలవాటుపడిన గొంతులు పొద్దున్నుంచీ ఆ తేడాని దగ్గుకుంటూ భరించాయి.

మగవాళ్ళందరూ దిగారు. ఏడుకొండలు చుట్టూ చూసి, "సువార్తమ్మ ఏదిరా?" అన్నాడు.

"పైనే ఊడుస్తోంది బాబాయ్, మాకన్నా లోపలికి ఉంది" అన్నాడు ఒకతను, మాట మధ్యలో దగ్గుతూ.

నేను చెవులు రిక్కించాను. పాట లేదు. ఆ గొంతు వినబడని ఛాంబరు నేనెప్పుడూ చూడలేదు. "సువార్తమ్మా!" అని గుండెలవిసేలా పిలిచాను. ఫాన్ల హోరు తప్ప ఏమీ రాలేదు. మెట్లెక్కి పోదామని ఒక అడుగు వేశాను, ఊపిరి అందక వెనక్కి వచ్చేశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, చచ్చేంత భయం వేసింది. ఆమె కోసం వేసిన భయమెంతో, నా కోసం వేసిన భయమెంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఇంజన్ రూములో పనికొచ్చే మాస్కు ఒకటే ఉంది. ఖాసిం గారు దాన్ని తెచ్చి ఏడుకొండలు మొహానికి బిగించారు. మేస్త్రీ తడి గోనెపట్టా ఒకటి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు. మేము తలుపు దగ్గర నిలబడ్డాం. సుబ్బారావు గారు కూడా వచ్చారు, కళ్ళజోడు చేతిలో పట్టుకుని. లోపల చెక్క పలకల మీద అతని అడుగుల చప్పుడు పైకి పోతూ పోతూ వినబడకుండా పోయింది. నేను ఏ దేవుడికి మొక్కుకున్నానో నాకే తెలియదు, ఆమె దేవుడికి కూడా మొక్కుకున్నాను.

ఎంతసేపటికో దగ్గు వినబడింది. ఏడుకొండలు ఆమెని దాదాపు ఈడ్చుకుంటూ తెచ్చాడు. పై అంతస్తు చివర టిక్కీల సందులో నేలకి మొహం ఆనించి పడుకుని ఉందట. ఆ గ్యాసు తేలిక, పైకి పోతుంది. కిందికి వంగడమే ఆమె ప్రాణం నిలబెట్టింది. కళ్ళు మూసుకుపోయాయి. మొహం మీద నీళ్ళు ధారగా పోస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏదో చెప్పబోయింది, గొంతులోంచి గరగర తప్ప రాలేదు.

ఏడుకొండలు మాస్కు తీసి నేల మీద కూలబడి, మేనేజరు వైపు తిరిగాడు. "పొద్దున వచ్చి చెప్పాను కదండీ, పైన ఘాటు తేడాగా ఉంది, ఆడమనిషి కళ్ళు మండుతున్నాయంటోంది అని. మీరు టీవీ చూసి, పచ్చగానే ఉంది పోరా, పని తప్పించుకోవాలని చూస్తున్నారు అన్నారు."

సుబ్బారావు గారు తల దించుకున్నారు. నాకు మాత్రం ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అప్పటిదాకా నా టీవీ ప్రమాదం చెప్పలేకపోయిందనే అనుకుంటున్నాను. కాదు, ప్రమాదం ఉందని చెప్పిన మనిషి నోరు మూయించింది. అది లేకపోతే ఆయన కుర్చీలోంచి లేచి, తిట్టుకుంటూ అయినా వెళ్ళి చూసి ఉండేవారేమో.

సువార్తమ్మని కారులో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికింది. చూపు కూడా నెమ్మదిగా తేరుకుంది. గొంతు మాత్రం పూర్తిగా రాలేదు. మాట్లాడగలదు, బొంగురుగా. పాట ఎత్తుకుంటే సగంలో తెగిపోతుంది. చర్చిలో ఇప్పుడు ఆమె ముందు వరసలో నిలబడి పెదవులు మాత్రం కదుపుతుందని ఏడుకొండలు చెప్పాడు. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత నేను కట్టిన ప్రతి లింకులోనూ పద్ధతి మార్చాను. ఒక ఫైలు నుంచి అంకె తెచ్చేటప్పుడు ముందు దాని వయసు చూడమంటాను. పాతబడిన అంకె అయితే పచ్చా లేదు, ఎరుపూ లేదు. తెరంతా నల్లబడి, పెద్ద అక్షరాల్లో 'తెలియదు' అని పడుతుంది. చాలామందికి ఇది నచ్చదు. "డబ్బులిచ్చి తెలియదు అనిపించుకోవడం ఏమిటండీ" అని పోట్లాడతారు. నేనూ పోట్లాడతాను. తెలియనప్పుడు తెలియదు అనలేని తెర నా చేత కట్టించుకోవద్దని మొహం మీదే చెబుతాను. అలా వదులుకున్న పనులూ ఉన్నాయి.

ఆ కోల్డ్ స్టోరేజీలో హూటర్ వైరు మళ్ళీ కలిపారు. ముహూర్తం రోజున సుబ్బారావు గారు ఇప్పుడు నన్నూ పిలుస్తారు. కొబ్బరికాయ ఆయన కొడతారు, కొత్త ఫైలు నేను పెడతాను, లింకు మార్చి అంకెలు కదులుతున్నాయని చూశాకే మొదటి టిక్కీ లోపలికి పోతుంది.

మొన్న సీజన్లో అలాగే వెళ్ళాను. చీపురు చంకలో పెట్టుకుని సువార్తమ్మ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. డాక్టరు వద్దన్నా పనికి వస్తూనే ఉంది, రాక ఏం చేస్తుంది. వెనకటిలా పాట సంగతి ఎత్తలేదు. టీవీ వైపు చూపించి, ఆ బొంగురు గొంతుతో, "పద్మమ్మా, అది బతికే ఉందా?" అని అడిగింది.

తెర మీద మూడో ఛాంబరు పచ్చగానే ఉంది. సమయం గడిలో నిమిషం కింద కొలిచినట్టే ఉంది. ఉంది అని చెప్పేయొచ్చు.

"ఉండవే, లోపలికి వెళ్ళి చూసొచ్చి చెబుతా" అని లేచాను.